తొమ్మిది రోజులు మూగబోయిన టవరు గురించి ఫిర్యాదు

పెదబయలు మండలం,
అల్లూరి సీతారామరాజు జిల్లా.
14 జూన్ 2025

ఫోను కంపెనీలో అప్పీళ్ళు వినే అప్పిలేట్ అధికారి గారికి,

విషయం: మే 17 నుంచి 25 వరకు మా ఊరి టవరు పనిచేయకపోవడం, ఎవరూ వచ్చి చూడకుండానే నా ఫిర్యాదును మూసేయడం.

అయ్యా,

మే 23న సంతకు వెళ్తుంటే, దారిలో సిగ్నల్ తగలగానే నా ఫోను టింగుమంది. మీ కంపెనీ ఎస్సెమ్మెస్. మా ఊరి నెట్‌వర్క్ సమస్య పరిష్కారమైపోయిందట, సహకరించినందుకు ధన్యవాదాలట. మీరు దాన్ని పంపింది 21న. రెండు రోజులు అది నాకెందుకు చేరలేదంటే, మీరు పరిష్కరించామన్న సమస్య అలాగే ఉంది కాబట్టి. ఆ తర్వాత ఇంకో రెండు రోజులు కూడా ఉంది.

జరిగింది ఇది. మే 16 రాత్రి ఈదురుగాలికి కరెంటు పోయింది. మా దగ్గర కరెంటు పోతే అరగంటకు టవరూ పోతుంది, బ్యాటరీల్లో సత్తువ లేదు. జనరేటరు ఉంది కానీ అందులో డీజిలు పోయగా ఈ ఏడాదిలో నేను చూడలేదు, దాని నీడన మేకలు పడుకుంటాయి. 18న కరెంటు వచ్చింది. టవరు రాలేదు. కాబట్టి తప్పు కరెంటోళ్ళ మీదికి నెట్టొద్దని మనవి. ఫిర్యాదు చేయడానికి 198కి ఫోన్ చేయాలన్నా ఆరు కిలోమీటర్లు నడిచాను. ఫిర్యాదుకు గుర్తుగా డాకెట్ నంబరు ఇచ్చారు. దాన్ని, నా ఫోన్ నంబరును, మా ఊరి పేరును జతచేసిన కాగితంలో రాశాను.

నేను ఉపాధి పనుల మేటును. నా కింద 38 మంది కూలీలు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి అందరినీ నిలబెట్టి యాప్‌లో ఫోటో తీసి ఎక్కించాలి. 2023 జనవరి నుంచి ఇదే హాజరు, కాగితం మస్టరు చెల్లదు. ఫోటో ఎక్కకపోతే మనిషి ఎండలో గుంత తవ్వినా రానట్టే లెక్క. మామూలు రోజుల్లోనే ఊళ్ళో సిగ్నల్ అందదు. ఊరి పైన ఒక రాయి ఉంది. దానికి మా పెద్దలు పెట్టిన పేరు వేరే, ఇప్పుడు పిల్లలంతా సిగ్నల్ బండ అంటున్నారు. రోజూ దాని మీదికెక్కి చెయ్యి పైకెత్తి నిలబడతాను. ఆ తొమ్మిది రోజులూ బండ కూడా పనికిరాలేదు. మండలం వైపు గట్టెక్కి ఆరు రోజుల ఫోటోలు ఎలాగో పంపాను. మూడు రోజులవి పోలేదు. వాటి కోసం మండలాఫీసులో అర్జీ పెట్టుకున్నాం, ఇంకా తేలలేదు. మా వాళ్ళు నన్ను ఒక్క మాట అనలేదు. అంటేనే బాగుండేది.

పింఛను సంగతీ ఇలాంటిదే. ఒకటో తారీఖున సచివాలయం ఉద్యోగి మిషను పట్టుకుని వస్తాడు. ఇంటి దగ్గర మిషను కలవదు. ముసలాళ్ళందరినీ బండ దగ్గరికి నడిపిస్తాం. మా అత్తగారు వేలు చీర కొంగుకు తుడుచుకుని పెడుతుంది, తెర మీద చక్రం తిరుగుతూ ఉంటుంది, ఆగిపోతుంది. మళ్ళీ తుడుచుకుంటుంది. తప్పు తన వేలిదే అనుకుంటుంది పాపం.

ఇక డబ్బు. నా రీచార్జి 299, రోజుకు ఒకటిన్నర జీబీ, 28 రోజులు. 28 రోజుల నెల ఏ పంచాంగంలో ఉందో నాకు తెలియదు కానీ దానివల్ల ఏడాదికి పదమూడు సార్లు కడుతున్నాను. పని కొలత నిండుగా వస్తే ఉపాధి కూలి రోజుకు 307. అంటే ఒక ఫోనుకు ఒక రోజు మట్టి పని. విశాఖలో ఇదే ప్యాకు వాడుకునే వాళ్ళూ ఇంతే కడతారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళకు ఇచ్చే దాంట్లో సగమైనా ఇవ్వకుండా ధర మాత్రం మొత్తం ఎందుకు తీసుకుంటున్నారో చెప్పండి. వాడుకోలేని జీబీలు రాత్రి పన్నెండింటికి మురిగిపోతాయి కదా, ఆ తొమ్మిది రాత్రులూ అవి ఎవరి ఖాతాలో మురిగాయి?

మా అత్తగారిది బటన్ల ఫోను. మాట్లాడుకోవడానికి, మెసేజీలకు మాత్రమే పనికొచ్చే ప్యాకు ఒకటైనా అమ్మాలని, ఫోను కంపెనీలను అదుపు చేసే ట్రాయ్ 2024 డిసెంబరులోనే నిబంధన పెట్టింది. సంతలో రీచార్జి చేసే అబ్బాయిని అడిగితే అలాంటిది లేదన్నాడు. మీ యాప్‌లో వెతికితే అట్టడుగున కనబడింది. బటన్ల ఫోన్లో యాప్ ఉండదు కదండీ. ఆమెకు నెట్ అక్కర్లేదు, అంటగట్టారు. నాకు కావాలి, రాదు.

తొమ్మిది రోజుల వ్యాలిడిటీ పెంచమని అడిగితే మీ కాల్ సెంటరు అమ్మాయి మర్యాదగానే చెప్పింది, జిల్లా అంతటా 24 గంటలు దాటి సర్వీసు ఆగితేనే ఆ నిబంధన వర్తిస్తుందని. నిజమే, నేనూ కనుక్కున్నాను. కానీ నిబంధన ఇంతకంటే తక్కువ ఇవ్వకూడదంటుందే గానీ ఎక్కువ ఇస్తే పట్టుకుపోదు.

ఇంకో నిబంధనను మీరు బాగానే పాటించారు. ఏ ఊళ్ళో ఏ సర్వీసు ఉందో వెబ్‌సైట్లో మ్యాపు పెట్టాలి, పెట్టారు. పాడేరులో మా తమ్ముడి ఫోన్లో చూశాను. మా ఊరు, పక్క రెండు గూడేలు, వెనక కొండ, అన్నీ 4జీ రంగే. కొండ నెత్తిన సిగ్నల్ ఉన్న మాట వాస్తవం, అక్కడ ఎవరూ కాపురం ఉండరు. ఊరు కొండకు ఇవతలి వాలులో ఉంది, టవరు అవతల. ఆ రంగు ఉన్నంత కాలం ఇంకో టవరు అడిగితే 'మీకు ఉందిగా' అంటారు. నాకు టవరు పోవడం కంటే ఆ రంగే ఎక్కువ బాధగా ఉంది.

మా బండ మీద నెట్ హక్కేమిటని నవ్వుకోకండి. ఇంటర్నెట్ అందుబాటు చదువు హక్కులో, గోప్యత హక్కులో భాగమని కేరళ హైకోర్టు 2019 సెప్టెంబరులో ఒక కాలేజీ విద్యార్థిని కేసులో చెప్పింది. ఈ ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ అందుబాటు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమంది. యాసిడ్ దాడిలో చూపు దెబ్బతిన్నవాళ్ళు, తాము ఎవరో కెమెరా ముందు రుజువు చేసుకునే కేవైసీలో కనురెప్ప ఆడించలేక వేసిన కేసది. అవి ప్రభుత్వానికి చెప్పిన మాటలు, మాకు కాదని మీరనవచ్చు. గాలిలో మీరు వాడే తరంగాలు ప్రభుత్వం దగ్గర తీసుకున్నవే, అంటే జనానివి. మాలాంటి ఊళ్ళకు ఫోను చేర్చడానికని కంపెనీల రాబడిలో నూటికి ఐదు ఒక నిధికి పోతుంది. ఇప్పుడు దాని పేరు డిజిటల్ భారత్ నిధి. ఆ ఐదులో మా 299 కూడా ఉంది.

మ్యాపులో మా ఊరి మీద ఆ రంగు తీసేయండి, లేదా మనిషిని పంపి కొలిపించి నిజం చేయండి. జనరేటరులో డీజిలు పోయించి, బ్యాటరీలు మార్పించండి. మా ఊళ్ళో మీ సిమ్ములున్న అందరికీ తొమ్మిది రోజులు కలపండి. సంతలో రీచార్జి అబ్బాయికి ఆ మాటల ప్యాకు సంగతి చెప్పించండి, ఇది ఖర్చు లేని పని.

అప్పీలు మీద 39 రోజుల్లో తేల్చాలని నిబంధన. జవాబు దయచేసి ఎస్సెమ్మెస్‌లో పంపకండి. పోస్టులో పంపండి, అది మాకు అందుతుంది.

ఇట్లు,
మీ చందాదారు, ఉపాధి పనుల మేటు

జత: డాకెట్ నంబరు, మే 21 నాటి ఎస్సెమ్మెస్ ఫోటో, 38 మంది సంతకాలు, వేలిముద్రలు