పర్లాకిమిడిలో ఆగి చూసిన అక్కకి

పర్లాకిమిడి బస్టాండు దగ్గర మా తమ్ముడు బండి మీంచి పడినప్పుడు ఆగిన అక్కా, మీ పేరు అడగడం కుదరలేదు. చుక్క రక్తం లేదు, లేచి కూర్చుని టీ కూడా అడిగాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఏం కాలేదనేశారు. వాడు "బండి ఎక్కడ?" అని అడిగిందే అడుగుతున్నాడని గమనించింది మీరొక్కరే. ఫోన్ లైటు వేసి రెండు కంటిపాపలూ పోల్చి చూశారు. వాంతి కాగానే, మత్తుగా ఉందంటే పడుకోబెట్టి వదిలేయొద్దు, సీటీ స్కాన్ ఉన్నచోటికే పదండన్నారు. బరంపురం కన్నా శ్రీకాకుళం దగ్గరని అంబులెన్సు డ్రైవరుకి ఒడియాలో చెప్పింది కూడా మీరే.

పుర్రెకీ మెదడు పొరకీ మధ్య రక్తం చేరిందట. ఇలాంటి దెబ్బకి మొదట కాసేపు మనిషి బాగానే కనిపించవచ్చని డాక్టరు చెప్పారు. ఆపరేషన్ అయింది. ఇప్పుడు కూరలో ఉప్పు లేదని అరుస్తున్నాడు, అంటే కులాసాయే! అమ్మ మీకో చీర తీసి పెట్టింది. ఇటువైపు వస్తే కబురు పెట్టండి.