రౌటర్ డబ్బా మీద ఒక తేదీ వేయించండి: కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ సహాయ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులు డాక్టర్ పెమ్మసాని చంద్రశేఖర్ గారికి,

నమస్కారం సార్. నేను తిరుపతిలో ఇళ్లకు ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే పని చేస్తాను. మొదట్లో రాగి తీగ, ఇప్పుడు ఫైబర్. స్తంభాల మీద వైరు లాగడం, ఫైబర్ కొసలు అతికే స్ప్లైసింగ్ చేయడం, రౌటర్ బిగించి లైటు పచ్చగా వెలిగాక కస్టమర్‌కు ఒప్పజెప్పడం, పదకొండేళ్లుగా ఇదే నా జీవనం. కొర్లగుంట నుంచి తిరుచానూరు దాకా నేను చెప్పులు విప్పి లోపలికి వెళ్లని వీధి దాదాపు లేదు. అందుకే ఇంట్లోవాళ్లకు కనిపించని ఒక సంగతి నాకు రోజూ కనిపిస్తోంది: భద్రతా అప్‌డేట్లు అందని పాత రౌటర్లు. దాన్ని తేల్చగలిగింది మీ శాఖే కాబట్టి మీకు రాస్తున్నాను.

పోయిన ఎండాకాలం బైరాగిపట్టెడలో ఒక రిటైర్డ్ టీచరమ్మ గారి ఇంటికి వెళ్లాను. కంప్లయింట్‌లో ‘నెట్ స్లో’ అని ఉంది. వెళ్లి చూస్తే స్పీడు బాగానే ఉంది. ఆవిడ బాధ వేరే. ఫోన్‌లో పేపరు చదువుదామని తెరిస్తే పేకాట, బెట్టింగ్ పేజీలు వచ్చి పడుతున్నాయి. వాటిలో కొన్ని మనుమడి ముందు తెరవలేనివి. బెంగళూరులో ఉన్న కొడుకు ‘నువ్వే ఏదో నొక్కుంటావమ్మా’ అన్నాడట. ఫోన్ షాపులో రెండుసార్లు ఫోన్ మొత్తం చెరిపించుకున్నారు. చివరికి కొత్త ఫోనే కొనిచ్చారు. అయినా అదే తంతు. ‘నేనేమీ నొక్కలేదు నాయనా, దేవుడి మీద ఒట్టు’ అని నాతో అన్నారు. ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి ఒక లైన్‌మ్యాన్ ముందు అలా సంజాయిషీ ఇచ్చుకోవడం చూసి నాకు మనసు పిండేసినట్టయింది.

ఫోన్‌లో వై-ఫై ఆపి సిమ్ డేటాతో చూశాను. శుభ్రంగా ఉంది. వై-ఫై పెట్టగానే మళ్లీ మొదలు. అంటే జబ్బు ఫోన్‌లో లేదు. టీవీ పక్కన, వేంకటేశ్వరస్వామి క్యాలెండర్ కింద, అల్లిక గుడ్డ కప్పి ఉన్న రౌటర్‌లో ఉంది. గుడ్డ తీసి, బ్రౌజర్‌లో రౌటర్ సెట్టింగుల చిరునామా 192.168.1.1 కొట్టి, పేరు అడిగిన చోట అడ్మిన్ అని, పాస్‌వర్డ్ అడిగిన చోట మళ్లీ అడ్మిన్ అనే కొట్టాను. తెరుచుకుంది. డీఎన్ఎస్ అని ఉన్న గడిలో మా కంపెనీవి కాని రెండు నంబర్లు కూర్చుని ఉన్నాయి. ఫర్మ్‌వేర్, అంటే డబ్బాను లోపల నడిపే సాఫ్ట్‌వేర్, తేదీ 2019.

డీఎన్ఎస్ గురించి తెలియనివాళ్ల కోసం ఒక మాట. మనం వెబ్‌సైట్ పేరు కొడితే, అది ఏ నంబరు దగ్గర ఉందో చూసి దారి చెప్పేది డీఎన్ఎస్. రైల్వే స్టేషన్‌లో దిగిన కొత్త యాత్రికుడు గోవిందరాజస్వామి గుడికి దారి అడిగాడనుకోండి. చెప్పేవాడి చోట దొంగ నిలబడితే యాత్రికుడు ఏ సందులోకి వెళ్తాడో వేరే చెప్పాలా? రౌటర్‌లో ఆ రెండు నంబర్లు మార్చినవాడు ఇంట్లో ఉన్న ఫోన్లన్నిటికీ, టీవీకీ, పిల్లల ట్యాబ్‌కీ దారి చెప్పేవాడైపోతాడు. తిరుమల గదులు, దర్శనం టికెట్ల పేరిట నకిలీ సైట్లు పెట్టి భక్తులను మోసం చేస్తున్నారని టీటీడీ ఎన్నోసార్లు హెచ్చరించింది. చిరునామా సరిచూసుకోమని మనమూ అందరికీ చెబుతాం. రౌటర్ చేజారితే, సరైన చిరునామా కొట్టినా తప్పు చోటికి తీసుకెళ్లే ప్రమాదం ఉంది. బ్రౌజర్ ఎర్రగా హెచ్చరిక చూపిస్తుంది, నిజమే. కానీ గదులు అయిపోతున్నాయన్న ఆత్రంలో దాన్ని ఎంతమంది చదువుతారు సార్?

నంబర్లు సరిచేసి, పాస్‌వర్డ్ మార్చి, బయటి నుంచి రౌటర్‌లోకి లాగిన్ అయ్యే దారి మూసేసి వచ్చాను. పంతొమ్మిది రోజులకు మళ్లీ ఆ ఇంటి నుంచే కంప్లయింట్. మళ్లీ అవే బెట్టింగ్ పేజీలు. ఈసారి అర్థమైంది. తలుపుకు తాళం మార్చాను, గోడలో కన్నం అలాగే ఉంది. పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా, లోపల సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉంటే పాస్‌వర్డ్‌తో పని లేకుండానే లోపలికి వస్తారు. ఆ లోపాన్ని పూడ్చేది కొత్త ఫర్మ్‌వేర్ ఒక్కటే. ఆ మోడల్‌కు అది రాలేదు. ఆఫీసులో అడిగితే ‘నెట్ వస్తోంది కదా, కంప్లయింట్ క్లోజ్ చెయ్’ అన్నారు.

మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే సార్. వైరు తెగితే డబ్బా మీద ఎర్ర లైటు వెలుగుతుంది. ఆ లైటు చూసి కస్టమర్ ఫోన్ చేస్తాడు, మేం పరుగెత్తుతాం. ఫర్మ్‌వేర్‌లో కన్నానికి ఏ లైటూ లేదు. నెట్ వస్తూనే ఉంటుంది. ఏళ్ల తరబడి వస్తూనే ఉంటుంది. కాబట్టి ఫిర్యాదు లేదు, ఫిర్యాదు లేదు కాబట్టి ఎవరి లెక్కలోనూ లేదు.

2021 నవంబర్ వరదలప్పుడు లోతట్టు కాలనీల్లో రౌటర్లు తడిసిపోయాయి. వారం పదిరోజులు రాత్రీ పగలూ మార్చాం. మార్చి ఇచ్చినవాటిలో కొత్తవి కొన్నే. చాలావరకు ఎవరో కనెక్షన్ వద్దనుకుని వెనక్కిచ్చిన డబ్బాలు, తుడిచి మళ్లీ పెట్టెలో పెట్టినవి. డబ్బా తుడిచారు, సాఫ్ట్‌వేర్ ఎప్పటిదో ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు. ఆ తప్పులో నాకూ భాగం ఉంది.

‘కస్టమర్లు జాగ్రత్తగా ఉండాలి, అప్‌డేట్ చేసుకోవాలి’ అని ప్రకటనలు వస్తుంటాయి. ఎలా చేసుకుంటారు? ఆ డబ్బా చాలా ఇళ్లలో కస్టమర్‌ది కాదు, కంపెనీది. అసలు తాళం కంపెనీ దగ్గరే ఉంటుంది, కస్టమర్‌కు ఇచ్చే పాస్‌వర్డ్‌తో వై-ఫై పేరు మార్చుకోవడం తప్ప పెద్దగా ఏమీ చేయలేరు. ఫర్మ్‌వేర్ మార్చే గడి చాలా మోడళ్లలో వాళ్లకు కనిపించనే కనిపించదు. అదే కంపెనీ తలచుకుంటే తన సర్వర్ నుంచి ఒక్క రాత్రిలో ఊళ్లో డబ్బాలన్నిటికీ కొత్త ఫర్మ్‌వేర్ పంపగలదు. అందుకు టీఆర్-069 అనే పద్ధతి రెండు దశాబ్దాలుగా ఉంది. బిల్లు గడువు దాటితే టంచనుగా అర్ధరాత్రి కనెక్షన్ ఆపగలిగినవాళ్లకు ఇది చేతకాని పని కాదు.

మరి ఎందుకు పంపరు? చిప్ చేసేది ఒకరు, దాని మీద సాఫ్ట్‌వేర్ రాసేది ఇంకొకరు, డబ్బాలో బిగించి పేరు వేసేది మరొకరు, దాన్ని వేలల్లో కొని ఇళ్లలో పెట్టేది మా లాంటి కంపెనీలు. అమ్మకం అయిపోయాక పాత మోడల్ మీద పైసా ఖర్చు పెట్టాలన్న నిర్బంధం వీళ్లలో ఎవరికీ లేదు. పైగా అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే డబ్బా చచ్చిపోతుందనీ, మర్నాడు కంప్లయింట్లు వరద కడతాయనీ భయం. ఆ భయం ఉత్తది కాదు, ఆ కంప్లయింట్లకు తిరగాల్సింది నేనే. అయినా తిరుగుతాను సార్. కారణం తెలియకుండా ఒక పెద్దావిడ నింద మోయడం కంటే అది నయం.

ఇది మా ఊరి గొడవ మాత్రమే కాదని మీకు తెలుసు. 2016లో మిరాయ్ అనే వైరస్ చేసిన పని చాలా చిన్నది. ఫ్యాక్టరీలో పెట్టిన పేర్లు, పాస్‌వర్డ్‌లు అరవైకి పైగా జతలు పట్టుకుని కెమెరాల, రౌటర్ల తలుపులు తడుతూ పోయింది. తెరుచుకున్నవాటన్నిటినీ కూలీలుగా పెట్టుకుని, ఒక్కసారిగా దొంగ రద్దీ పుట్టించి అక్టోబర్ 21న అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివాటినే జనానికి అందకుండా చేసింది. నెల తిరిగేసరికి జర్మనీలో దాని తమ్ముడులాంటి ఇంకో వైరస్, కంపెనీ దూరం నుంచి రౌటర్లను సరిచేసే దారిలోంచే చొరబడబోయింది, దాదాపు 9 లక్షల ఇళ్లకు నెట్ పోయింది. అక్కడి కంపెనీ వెంటనే కొత్త ఫర్మ్‌వేర్ తెచ్చి, రౌటర్ ఆపి మళ్లీ వేయమని కస్టమర్లకు చెప్పి బాగుచేసింది. మన దేశంలో 2017 జూలైలో ప్రభుత్వ రంగ బ్రాడ్‌బ్యాండ్ వాడేవారి మోడెమ్‌లు దెబ్బతిన్నాయి. కారణం ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చకపోవడమే. 2018 మేలో బయటపడిన వీపీఎన్‌ఫిల్టర్ అనే వైరస్ 54 దేశాల్లో 5 లక్షల పరికరాల్లో దూరింది.

ఇతర దేశాలు చట్టం చేశాయి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అన్ని డబ్బాలకూ ఒకే పాస్‌వర్డ్ పెట్టి అమ్మడం నిషేధం. భద్రతా అప్‌డేట్లు ఎప్పటివరకు ఇస్తారో తయారీదారు ముందే ప్రకటించాలి. యూరప్‌లో 2027 డిసెంబర్ నుంచి పూర్తిగా అమలయ్యే చట్టం సాధారణంగా కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు ఇవ్వాలంటోంది. జపాన్ 2019 నుంచి ప్రభుత్వమే దేశంలోని పరికరాలను తట్టి చూసి, బలహీనమైన పాస్‌వర్డ్ ఉన్నవాటి యజమానులకు కంపెనీల ద్వారా కబురు పంపే ఏర్పాటు చేసుకుంది.

మన దగ్గర ఏమీ లేదని నేను అనను. బెంగళూరులో మీ శాఖ కిందే ఉన్న భద్రతా ధ్రువీకరణ కేంద్రం ఇళ్లలో పెట్టే వై-ఫై పరికరాలకు కూడా ప్రమాణాలు రాసింది. సీసీ కెమెరాలకు 2025 ఏప్రిల్ నుంచి భద్రతా పరీక్ష తప్పనిసరి అయింది. సైబర్ భద్రత చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ లోపాల గురించి హెచ్చరికలు ఇస్తూనే ఉంటుంది. అయితే ఆ హెచ్చరికలు ఇంగ్లిష్‌లో, ఇంజినీర్లకు అర్థమయ్యే భాషలో ఉంటాయి, అదీ వేరే మంత్రిత్వ శాఖ కింద. పరీక్ష డబ్బా అమ్మేముందు జరుగుతుంది. ఇంటికి వచ్చి గోడకు తగిలించాక, మూడో ఏటా, ఆరో ఏటా దాని బాగోగులు ఎవరు చూడాలి? దేశంలో వైరు బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు నాలుగు కోట్లు దాటాయి. వాటి చివరన ఉన్న డబ్బాల్లో ఎన్నిటికి అప్‌డేట్ ఆగిపోయిందో చెప్పమని కంపెనీలను అడిగే అధికారం మీకుంది. దయచేసి అడగండి.

మీరు వైద్యం చదివినవారు. ఒక్క మందు బిళ్లల స్ట్రిప్ మీద కూడా గడువు తేదీ లేకుండా అమ్మనివ్వం కదా. రౌటర్ మీద మాత్రం సీరియల్ నంబరు, వోల్టేజి, వై-ఫై పాస్‌వర్డ్ ఉంటాయి, గడువు ఉండదు. ‘ఈ పరికరానికి భద్రతా అప్‌డేట్లు ఫలానా నెల వరకు’ అని ఒక్క ముక్క, తెలుగులో, అదే స్టిక్కర్ మీద వేయించండి. ఆ తేదీ దాటాక కంపెనీ ఇచ్చిన డబ్బా అయితే కంపెనీయే తన ఖర్చుతో మార్చాలని లైసెన్స్ షరతుల్లో పెట్టండి. తేదీ దాటిన మోడల్‌ను తుడిచి ఇంకో ఇంటికి పంపడం ఆపించండి. దీనివల్ల నెలకు కొద్దో గొప్పో బిల్లు పెరుగుతుందని కంపెనీలు అంటాయి. పెరగొచ్చు. తేదీ దాటిన డబ్బా వల్ల డబ్బు పోగొట్టుకుని సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసే ఇంటి లెక్క కూడా పక్కన పెట్టి చూడమని నా మనవి.

ఈ ఊరి లాడ్జిల గురించి కూడా ఒకసారి ఆలోచించండి. నలభై గదులకు రెండు రౌటర్లు ఉన్న చోట్లు నాకు తెలుసు. రోజూ వేరే వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన కుటుంబాలు అదే వై-ఫైకి ఫోన్లు కలుపుతాయి. గదిలో కూర్చున్న ఎవరైనా అడ్మిన్, అడ్మిన్ కొడితే రౌటర్ తెరుచుకునే లాడ్జిలు నేను చూసినవే ఉన్నాయి. నేను వెళ్లిన ప్రతిచోటా అడిగి మార్చి వస్తున్నాను. ఒక్కడిని ఎన్ని మార్చగలను?

టీచరమ్మ గారి ఇంటికి పట్టుబట్టి వేరే మోడల్ డబ్బా తెప్పించి పెట్టాను. ఇప్పుడు పేపరు మామూలుగా చదువుకుంటున్నారు. కొడుకుకు నేనే ఫోన్ చేసి, అమ్మ తప్పేమీ లేదని చెప్పాను. పాత డబ్బాను మాత్రం ఆఫీసులో ఇవ్వలేదు. ఇస్తే అది ఇంకొకరి ఇంటికి వెళ్తుంది. దాని ఖరీదు 1,200 రూపాయలు నా జీతంలో కోసుకున్నారు. ఆ డబ్బా నా పని సంచిలోనే, పవర్ మీటర్ పక్కన ఉంది. మీరు స్వామి దర్శనానికి వచ్చినప్పుడు కబురు పెడితే అలిపిరి దగ్గరికైనా తెచ్చి, ఎలా తెరుచుకుంటుందో మీ ముందే చూపిస్తాను. ఐదు నిమిషాలు చాలు.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక ఫైబర్ టెక్నీషియన్, తిరుపతి