మన సింగిల్ మాల్ట్ బృందం: 2025 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశానికి ముందే కార్యదర్శి నివేదిక అందరికీ అందాలని మన నియమావళిలో ఉంది. సింగిల్ మాల్ట్ అంటే ఒకే డిస్టిలరీలో, మొలకెత్తించిన బార్లీతో కాచిన విస్కీ. దాన్ని రుచి చూసే మన గ్లాస్గో బృందం ఈ ఏడాది ఏం చేసిందో, ఎవరి చలవతో చేయగలిగామో, ఎక్కడ చిక్కు పడ్డామో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. దయచేసి చదివి రండి. అక్కడికొచ్చి పేజీలు తిరగేస్తూ కూర్చుంటే ఎన్నికలకు టైమ్ మిగలదు.

ముందు కృతజ్ఞతలు. ప్రతి సమావేశానికీ చుక్క ముట్టకుండా కార్లు నడిపి మనల్ని ఇళ్ళకు చేర్చిన వదినలకు, తమ్ముళ్ళకు మొదటి నమస్కారం. ఇంగ్లండులో కారు నడిపేవారికి 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాకా చెల్లుతుంది కానీ, స్కాట్లండులో 2014 డిసెంబరు నుంచి హద్దు 50 మాత్రమే. ఒక్క పెగ్గే కదా అనుకోవడానికి ఇక్కడ వీల్లేదు. వాళ్ళు లేకపోతే పెయిస్లీ, ఈస్ట్ కిల్‌బ్రైడ్ వైపు సభ్యులు సగం సమావేశాలకు వచ్చేవారే కాదు. హాలు తాళాలు అడిగినప్పుడల్లా ఇచ్చిన పెద్దాయనకు, ప్రతిసారీ పులిహోర, పెరుగన్నం చేసి తెచ్చిన ముగ్గురు అక్కలకు, విస్కీ రుచి చూసే గ్లెన్‌కెయిర్న్ గ్లాసులు రెండు పెట్టెలు విరాళమిచ్చిన డాక్టరు గారికి కూడా.

నెలవారీ సమావేశాలు ఈసారి ఒకే దారిలో నడిపాం. సీసా మీది వయసు అంకెకు (విస్కీ పీపాలో ఎన్నేళ్ళుందో చెప్పేది), గ్లాసులోని రుచికి ఎంత సంబంధముందో చూడటమే ఆ దారి. అందుకే అన్ని సీసాలకు ఫాయిల్ చుట్టి, నంబర్లు వేసి, పేర్లు తెలియకుండా పోశాం. గ్లాసుకు 15 మిల్లీలీటర్లు, పక్కన మంచినీళ్ళు, ఉప్పులేని బిస్కెట్లు. రుచి చూడటం అయ్యేదాకా కారం తినకూడదన్న నియమం మీద మొదట్లో అలకలు వచ్చాయి. మిరపకాయ బజ్జీ నమిలిన నోటికి పన్నెండేళ్ళదీ ఇరవై అయిదేళ్ళదీ ఒకటే అని తెలిశాక అందరూ ఒప్పుకున్నారు.

జనవరిలో గ్లెన్‌ఫార్క్లస్ పెట్టాం. 15, 21, 25 ఏళ్ళవి. అన్నీ షెర్రీ (స్పెయిన్ ద్రాక్ష మద్యం) పీపాల్లో పండినవే, 1865 నుంచి ఒకే గ్రాంట్ కుటుంబం చేతిలో ఉన్న డిస్టిలరీ కాబట్టి పోలికకు వీలుగా ఉంటుందని ఎంచుకున్నాం. ఫాయిల్ విప్పి చూస్తే ఎక్కువమంది మెచ్చింది 15 ఏళ్ళదాన్ని. 25 ఏళ్ళదానికి ఓటేసిన వాళ్ళు తక్కువ. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. పదిహేనేళ్ళదాంట్లో ఆల్కహాల్ 46 శాతం, మిగతా రెండింట్లో 43 శాతం. ఆ మూడు శాతం నాలుక మీద గట్టిగానే తెలుస్తుంది. ఇంకా, పీపాలో మరీ ఎక్కువకాలం ఉంటే ఓక్ చెక్కలోని వగరు పైకొస్తుంది. స్కాట్లండు చలిలో ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది, దాంతోపాటు ఘాటూ దిగుతుంది. 40 శాతం కంటే దిగితే చట్టప్రకారం దాన్ని స్కాచ్ విస్కీ అనడానికే లేదు. ముసలి పీపాలను కాచుకుని కూర్చునే వాళ్ళ టెన్షన్ అదే.

ఐలా దీవి విస్కీల సాయంత్రం లాగవూలిన్ 8, 16 ఏళ్ళవి పక్కపక్కన పెట్టాం. పొగ అంటే ఎగిరి గంతేసే సభ్యులందరూ ఎనిమిదేళ్ళదాన్నే పట్టుకున్నారు. బార్లీని ఆరబెట్టేటప్పుడు పీట్ అనే బొగ్గులాంటి మట్టిని కాలిస్తే పట్టే ఆ పొగ ఘాటు వయసుతో తగ్గుతూ పోతుంది. పదహారేళ్ళకు కుంపటి పొగ వెనక్కి జరిగి ఎండు ఖర్జూరం, తాటిబెల్లం పాకం ముందుకొస్తాయి. మన నోట్సు పుస్తకంలో ఆ రాత్రి ఒక వదిన రాసింది చదివితే ఎవరికైనా నోరూరుతుంది: "మొదటి గ్లాసు అప్పుడే ఆర్పిన పొయ్యి, రెండోది ఆ పొయ్యి మీద దించిన పాకం." ఇంతకంటే బాగా నేను రాయలేను.

నీళ్ళు కలపాలా వద్దా అన్న పంచాయితీ ఈ ఏడాదీ నడిచింది. 2017లో స్వీడన్‌లోని లినియస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కంప్యూటర్ మీద లెక్కగట్టి చూపించారు. పొగ వాసన ఇచ్చే గ్వయకాల్ అనే పదార్థం, ఆల్కహాల్ శాతం తగ్గేకొద్దీ గ్లాసు పైభాగానికి చేరుతుందని. అందుకే మన బల్ల మీద డ్రాపర్లు పెట్టాం. నాలుగు చుక్కలు వేసుకోవడం అపచారమేమీ కాదు. వద్దనుకున్నవారు వేసుకోనక్కరలేదు, పక్కవాళ్ళ చేయి పట్టుకోవద్దని మాత్రం మనవి.

మే నెలలో క్యాంబెల్‌టౌన్ యాత్ర. ఒకప్పుడు ఆ చిన్న రేవు నిండా డిస్టిలరీలే, ఇప్పుడు మిగిలినవి మూడు: స్ప్రింగ్‌బ్యాంక్, గ్లెన్‌గైల్, గ్లెన్ స్కోషియా. 1828 నుంచి ఉన్న స్ప్రింగ్‌బ్యాంక్‌లో బార్లీ మొలకెత్తించడం దగ్గర నుంచి సీసాలో నింపడం దాకా అన్నీ అక్కడే చేస్తారు. రాతినేల మీద జానెడు మందాన పరిచిన బార్లీని మనుషులు చెక్కపారలతో తిరగేస్తుంటే మా వాళ్ళు కళ్ళార్పలేదు. మొలక వచ్చిన గింజను వేళ్ళ మధ్య నలిపి చూపించారు. గట్టిగా విరగలేదు, సుద్దలా పొడిపొడిగా వేలికి అంటుకుంది. అలా అంటుకుంటే మొలక ఆపి కిలన్‌లోకి (ఆరబెట్టే కొలిమిలోకి) పంపాల్సిన సమయం వచ్చినట్టట. అదే ఇంట్లో పీట్ తక్కువగా రెండున్నర సార్లు (కొంత భాగం రెండుసార్లు, కొంత మూడుసార్లు) కాచితే స్ప్రింగ్‌బ్యాంక్, ఎక్కువ పొగ పట్టించి రెండుసార్లు కాచితే లాంగ్‌రో, పొగ లేకుండా మూడుసార్లు కాచితే హేజిల్‌బర్న్. మూడూ అక్కడే రుచి చూశాం. బస్సు ఆలస్యంగా వచ్చినా, తిరుగు దారిలో వాన కొట్టినా, ఈ యాత్రకు వచ్చిన ఎవరూ ఫిర్యాదు చేయలేదు. పేరిచ్చి, డబ్బు కట్టకుండా ఆ రోజు ఉదయం రానని మెసేజ్ పెట్టినవారి సీట్లు మాత్రం ఖాళీగా వెళ్ళాయి.

ఇక ఈ ఏడాది మన బృందం గర్వంగా చెప్పుకోవాల్సిన రాత్రి అక్టోబరులో జరిగిన గ్లెన్‌డ్రోనక్ రాత్రి. కొత్తగా చేరినవారి కోసం కాస్త వివరంగా రాస్తాను.

గ్లెన్‌డ్రోనక్ డిస్టిలరీ 1996లో మూతపడింది, 2002లో మళ్ళీ తెరుచుకుంది. మధ్యలో ఒక్క చుక్క కూడా కాచలేదు. స్కాచ్ నిబంధనల ప్రకారం సీసా మీద వేసే వయసు అందులోని అన్నిటికంటే చిన్న విస్కీది. ఇప్పుడు లెక్కేయండి. 2019లో నింపిన 18 ఏళ్ళ సీసాలో ఏముండాలి? 2001లో కాచింది ఉండటానికి లేదు, ఆ ఏడు స్టిల్స్ (విస్కీ కాచే పాత్రలు) చల్లగా ఉన్నాయి. కాబట్టి మూతపడేలోపు, అంటే 1996 లేదా అంతకు ముందు కాచిందే ఉండాలి. పద్దెనిమిదని రాసి ఉన్న సీసాలో ఇరవై రెండేళ్ళు దాటిన విస్కీ! ధర కూడా అప్పట్లో పద్దెనిమిదేళ్ళదానికే.

మన సభ్యుల్లో ఒక పెద్దాయన 2019లో నింపిన సీసా ఒకటి కొని, రిటైరయిన రోజున తెరుద్దామని బీరువాలో నిలబెట్టి ఉంచారు. రిటైరయ్యారు. ఇంట్లో ఒక్కడినే తాగడానికి మనసొప్పడం లేదంటూ బృందానికి ఇచ్చేశారు. దాని పక్కన 2012లో నింపింది ఒకటి, తెరుచుకున్నాక కాచిన విస్కీతో ఈమధ్య నింపింది ఒకటి మరో ఇద్దరు సభ్యులు తెచ్చారు. మూడూ అదే పేరు, అదే అంకె, అదే 46 శాతం, అవే ఒలొరొసో రకం షెర్రీ పీపాలు. సీసాలో పోశాక విస్కీకి వయసు పెరగదు కాబట్టి పోలిక న్యాయంగానే ఉంటుంది.

పెద్దాయన ఇచ్చిన సీసా బిరడా తీయబోతే సగానికి విరిగింది. హాలంతా గప్‌చుప్. పెద్దాయన ఏమాత్రం కంగారుపడకుండా, ఉతికిన పల్చని గుడ్డలో వడకట్టి జాడీలోకి దించారు. గుడ్డ మీద కార్క్ ముక్కలు మిగిలాయి, గుడ్డకు పట్టిన వాసన మాత్రం చివరిదాకా గదిలోంచి పోలేదు.

ఎవరికీ ఏది ఏదో చెప్పకుండా పోశాం. రెండో గ్లాసు ముక్కు దగ్గర పెట్టగానే మాటలు ఆగిపోయాయి. నల్లద్రాక్ష కిస్‌మిస్, మామిడి తాండ్ర, పాత చెక్కపెట్టె, చివర్లో కాఫీ గింజ వగరు. ఒక చుక్క మింగాక ఎంతసేపటికీ గొంతులోంచి దిగిపోదు. ఫాయిల్ విప్పితే అది 2019 సీసానే. ఎక్కువ ఓట్లు దానికే. అయితే కొత్తదాన్ని కోరుకున్నవారూ ఉన్నారు, పళ్ళ తీపి అందులో తాజాగా ఉందని వాళ్ళ వాదన. ఆ వాదనలో పస ఉంది. ఒకే పేరు మీద ఉన్న మూడు సీసాలు ఇంత తేడాగా ఉంటాయని పుస్తకం చదివి నమ్మడం వేరు, వరసగా మూడు గ్లాసులు పెట్టుకుని చూడటం వేరు. ఈ ఒక్క రాత్రి కోసమైనా మన బృందం ఉండాలని నా నమ్మకం. పెద్దాయనకు బృందం తరఫున పాదాభివందనం.

నవంబరులో మన దేశపు మాల్ట్‌ల సాయంత్రం. బెంగళూరు అమృత్ తన సింగిల్ మాల్ట్‌ను మొదట విడుదల చేసింది 2004 ఆగస్టులో, మన గ్లాస్గోలోనే. చాలామంది సభ్యులకు ఈ సంగతి తెలియదు. బెంగళూరు ఎండలకు ఏటా పది శాతానికి పైగా ఆవిరైపోతుంది. ఇక్కడ పన్నెండేళ్ళలో వచ్చే రంగూ రుచీ అక్కడ నాలుగైదేళ్ళకే వచ్చేస్తాయి. వయసు అంకె లేని ఆ సీసా మన పన్నెండేళ్ళవాటి పక్కన దర్జాగా నిలబడింది. హైదరాబాదులో స్కాచ్ ధర తగ్గుతుందా అని ఆ రోజు చాలామంది అడిగారు. 2025 జులైలో సంతకమైన భారత్, బ్రిటన్ వాణిజ్య ఒప్పందం ప్రకారం దిగుమతి సుంకం 150 శాతం నుంచి 75కు, పదేళ్ళలో 40కి దిగాలి. కానీ ఎక్సైజ్ పన్నులు రాష్ట్రాల చేతిలో ఉంటాయి. కాబట్టి ఊరికి వెళ్ళేటప్పుడు సుంకం లేకుండా తీసుకెళ్ళే రెండు లీటర్ల సంగతి ఇప్పుడే మర్చిపోవద్దు.

వేలంలో చాలా పాత సీసా ఒకటి బృందం డబ్బుతో కొందామన్న ప్రతిపాదనను కమిటీ తిరస్కరించింది. 2018లో ఈస్ట్ కిల్‌బ్రైడ్‌లోని ప్రయోగశాలలో కార్బన్ డేటింగ్ చేయిస్తే, 55 పాత సీసాల్లో 21 నకిలీవని తేలింది. సభ్యుల చందా అలా పణంగా పెట్టలేం.

జమాఖర్చుల కాగితం కోశాధికారి గారు విడిగా పంపారు. ఆడిట్ అయింది, అప్పులేమీ లేవు, మిగులు కొద్దిగా ఉంది. చందా బాకీ ఉన్నవారు సమావేశం లోపు కట్టేయాలి.

ఇప్పుడు మనసులో మాట. గ్రూపులో వాలంటీర్లు కావాలని అడిగితే బొటనవేళ్ళు వరసగా వస్తాయి. గ్లాసులు కడిగే వేళకు సింకు దగ్గర ఉండేది ఆ నలుగురే. ఈ గ్లాసులకు సబ్బు వాసన పట్టకూడదు, వేడినీళ్ళతో ఒక్కొక్కటీ కడిగి బోర్లించి ఆరబెట్టాలి. అర్ధరాత్రి దాటేదాకా ఆ పని చేసి, పొద్దున్నే షిఫ్టుకు వెళ్ళినవాళ్ళున్నారు. ఖరీదైన సీసా తెరిచే రోజు నిండే హాలు, కుర్చీలు సర్దే వేళకు ఎందుకు ఖాళీ అవుతుందో ఎవరికి వారు ఆలోచించుకోవాలి.

లైసెన్సు విషయంలోనూ అంతే. లైసెన్సు లేని హాల్లో టికెట్టు పెట్టి మద్యం పోయాలంటే తాత్కాలిక లైసెన్సు తప్పనిసరి. ఊరవతలి హాల్లో పెట్టుకున్న ఒక సమావేశానికి గడువుకు చాలా ముందే దరఖాస్తు పంపాం. సంబంధిత ఆఫీసు ఫోనెత్తదు, మెయిల్‌కు జవాబివ్వదు. చివరి రోజు మధ్యాహ్నం కాగితం వచ్చింది. అప్పటిదాకా టికెట్లు కొన్నవాళ్ళకు జవాబు చెప్పింది మన ఉపాధ్యక్షురాలు. ఆవిడ ఓపికకు జోహార్లు.

వచ్చే ఏడాదికి కమిటీ ప్రతిపాదనలు రెండు. ఒకటి, టికెట్టు తీసుకున్న ప్రతి ఒక్కరూ ఏడాదిలో కనీసం ఒక సమావేశానికి గంట ముందొచ్చి, గ్లాసులు కడిగేదాకా ఉండాలి. రెండు, ఐలాకు వెళ్ళే యాత్రకు డబ్బు ముందే కట్టాలి, ఆఖరి నిమిషంలో మానుకుంటే వాపసు ఉండదు. రెండూ ఓటింగుకు వస్తాయి. సంయుక్త కార్యదర్శి, సామాను చూసుకునే వారు అన్న రెండు పదవులు ఖాళీగా ఉన్నాయి, నామినేషన్లు ఉపాధ్యక్షురాలికి పంపండి. నోట్సు పుస్తకం ఎవరింట్లో ఉందో వారు సమావేశానికి తప్పకుండా తీసుకురావాలి, అక్టోబరు పేజీలు ఇంకా ఫొటో తీయలేదు.

ఇట్లు,
కార్యదర్శి