నిలబెట్టి తీయని ఎక్స్‌రే గురించి ఫిర్యాదు

హనుమకొండ,
10 మార్చి 2025.

ఆసుపత్రి మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: ఎత్తు పెంచే ఆపరేషన్ తరువాత నా రెండు కాళ్ళలోనూ శరీర బరువు దిగే గీత (బరువు రేఖ) మోకాలి బయటివైపుకు జరగడం, ఆ ప్రమాదాన్ని ముందుగా కొలవకపోవడం, నాకు తెలియజేయకపోవడం.

అయ్యా,

2023 నవంబరులో హైదరాబాద్‌లోని మీ ఆసుపత్రిలో నా రెండు తొడ ఎముకలనూ 6 సెంటీమీటర్ల చొప్పున పొడిగించే ఆపరేషన్ చేయించుకున్నాను. ఎముక లోపల రాడ్డు వేసి, తొడకు బయటివైపు ఫ్రేమ్ బిగించి లాగే పద్ధతి అది. అందుకు మొత్తం రూ.11,80,000 చెల్లించాను, రసీదులు జతపరిచాను. నా ఎత్తు 161 సెంటీమీటర్ల నుంచి 167కు పెరిగింది, ఆ విషయంలో మీరు మాట తప్పలేదని ముందుగానే ఒప్పుకుంటున్నాను. నొప్పి గురించి గానీ, నెలల తరబడి చేసిన ఫిజియోథెరపీ గురించి గానీ నాకు ఫిర్యాదు లేదు, ఎందుకంటే వాటిని మీరు ముందే చెప్పారు, నేను ఒప్పుకున్నాను. మీరు చెప్పనిదాని గురించే ఈ లేఖ.

నేను హనుమకొండలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను, రోజుకు నాలుగైదు గంటలు నిలబడే ఉద్యోగం. గత దసరా సెలవుల తరువాత కుడి మోకాలి బయటి అంచున నొప్పి మొదలైంది. భద్రకాళి బండ్ మీద ఒక చుట్టు నడిచి వస్తే సాయంత్రానికి మోకాలు వాచేది. పాదాలు కలిపి నిలబడాలంటే మోకాళ్ళు ముందే ఒకదానికొకటి ఒరుసుకుంటున్నాయని ఇంట్లో మొదట గమనించింది మా నాన్నగారు. ఆయన కాజీపేటలో రైలు పట్టాల విభాగంలో పనిచేసి రిటైర్ అయినారు. పట్టా వంపును కంటితోనే పట్టగలిగిన మనిషికి కొడుకు కాలి వంపు కనిపించడంలో వింత లేదు. మీ ఆసుపత్రికి మాత్రం అది ఎందుకు కనిపించలేదో ఇప్పటికీ నాకు అర్థం కావడం లేదు.

ఈ జనవరిలో హనుమకొండలోనే ఒక ఆర్థోపెడిక్ డాక్టర్ గారు నన్ను నిలబెట్టి, మోకాలి చిప్పలు నేరుగా ముందుకు ఉండేటట్టు చూసి, తుంటి నుంచి చీలమండ వరకు పూర్తి కాలు ఎక్స్‌రే తీయించారు. స్కానోగ్రామ్ అనే ఈ పరీక్ష ఖరీదైనదీ కాదు, అరుదైనదీ కాదు. తుంటి బంతి మధ్య నుంచి చీలమండ మధ్యకు గీత గీస్తే, శరీర బరువు దిగే ఆ గీత మామూలుగా మోకాలి మధ్య గుండా గానీ, దానికి కాస్త లోపలివైపు నుంచి గానీ పోవాలి. నా కుడి కాలిలో అది మోకాలి మధ్య నుంచి 22 మిల్లీమీటర్లు, ఎడమ కాలిలో 14 మిల్లీమీటర్లు బయటికి పోతున్నది. బరువంతా మోకాలి బయటి సగం మీద పడుతున్నదని, ఇలాగే వదిలేస్తే అక్కడి మృదులాస్థి త్వరగా అరిగే ప్రమాదం ఉందని డాక్టర్ గారు చెప్పారు.

ఇది దురదృష్టం కాదు, ముందుగానే తెలిసిన లెక్క. తొడ ఎముక ఆ బరువు రేఖ వెంట ఉండదు. తుంటి దగ్గర బయటివైపున మొదలై మోకాలి దగ్గరికి వచ్చేసరికి లోపలికి వాలుతుంది, ఎముకకూ రేఖకూ మధ్య సుమారు 5 నుంచి 7 డిగ్రీల కోణం ఉంటుంది. రాడ్డు ఎముక బోలులో ఉంటుంది కాబట్టి పొడిగింపు బరువు రేఖ వెంట కాక ఎముక వాలు వెంబడే జరుగుతుంది, పొడిగించిన కొద్దీ మోకాలు లోపలికీ బరువు రేఖ బయటికీ జరుగుతూ పోతాయి. ఆ జరుగుబాటు ఒక సెంటీమీటరు పొడిగింపుకు సుమారు ఒక మిల్లీమీటరు ఉంటుందని ఎముకల వైద్యంలో నమోదై ఉన్న విషయం. నా 6 సెంటీమీటర్లకు 6 మిల్లీమీటర్లు. నా విద్యార్థికి ఇస్తే ఒక నిమిషంలో చేసే లెక్క ఇది.

మరి కుడి కాలిలో మిగిలిన 16, ఎడమ కాలిలో మిగిలిన 8 మిల్లీమీటర్లు ఎక్కడివి? రెండే అవకాశాలు. నా మోకాళ్ళు ఆపరేషన్‌కు ముందునుంచే కొద్దిగా లోపలికి వంగి ఉండాలి, లేదా ఎముకను కోసిన చోట పై ముక్కగానీ కింది ముక్కగానీ రాడ్డు చుట్టూ ఒరిగి ఉండాలి. మొదటిదే నిజమైతే, మోకాళ్ళు బయటికి వంగిన దొడ్డికాళ్ళవాడికి కొంత కలిసివచ్చే ఈ పద్ధతి నాలాంటివాడికి చేటు చేస్తుందని మీకు తెలిసి ఉండాలి, నా విషయంలో వేరే ఆలోచన చేసి ఉండాలి. రెండవదే నిజమైతే, ముక్క ఒరగకుండా రాడ్డు పక్కన అడ్డు స్క్రూలు వేసే ఉపాయం ఉండగా ఎందుకు వేయలేదో చెప్పాలి. ఈ రెంటిలో ఏది నిజమో ఇప్పుడు ఎవరూ తేల్చలేరు, ఎందుకంటే ఆపరేషన్‌కు ముందు మీరు నన్ను నిలబెట్టి పూర్తి కాలు ఎక్స్‌రే తీయనే లేదు. నా ఫైలులో ఉన్నవి తొడల వరకే, పడుకోబెట్టి తీసిన ఫిల్ములు. పొడిగించిన రెండు నెలల్లోనూ ప్రతి పదిహేను రోజులకూ కాజీపేటలో రైలెక్కి వచ్చి తీయించుకున్నవీ అలాంటివే. వాటిలో కొత్త ఎముక ఎంత పెరిగిందో కొలిచారు తప్ప కాలు ఎటు పోతున్నదో చూడలేదు.

మీరు నిర్వహించిన పరిచయ సభలో, ఎముకను పొడిగించే పద్ధతిని రూపొందించిన సోవియట్ వైద్యుడు ఇలిజరోవ్ గారి పేరు పలుమార్లు చెప్పారు. రోజుకు ఒక మిల్లీమీటరు, దాన్ని నాలుగు విడతలుగా, అన్న ఆయన పద్ధతినే మా నాన్నగారు రోజుకు నాలుగు సార్లు స్క్రూ తిప్పుతూ తు.చ. తప్పకుండా పాటించారు. అయితే సైబీరియాలోని కుర్గాన్‌లో ఆయన చుట్టు రింగుల ఫ్రేముతో అతుక్కోని ఎముకలను అతికించారు, వంకర కాళ్ళను సరిచేశారు. ఆ చరిత్రను చెప్పి డబ్బు తీసుకున్న సంస్థ నాకు వంకర తెచ్చిపెట్టడం నన్ను ఎక్కువగా బాధించింది.

ఫిబ్రవరి 3న నేను పంపిన మెయిల్‌కు మీ కార్యాలయం ‘అలైన్‌మెంట్ ఆమోదయోగ్యమైన పరిమితుల్లోనే ఉంది’ అని, అంటే కాలి వరుస బాగానే ఉందని, ఒక్క వాక్యం రాసింది. ఎన్ని మిల్లీమీటర్లు, ఏ ఫిల్ము మీద కొలిచారు, ఎవరు కొలిచారు అన్నది అందులో లేదు. ఫోన్‌లో మాట్లాడిన సమన్వయకర్త గారైతే, ఎత్తు కోసం కోరి చేయించుకున్నవాళ్ళకు ఇలాంటివి సహజమని అన్నారు. నాకు జబ్బు లేదు, ఆరోగ్యంగా ఉన్న కాళ్ళతో మీ దగ్గరికి వచ్చాను. అలాంటివాడి విషయంలో జాగ్రత్త ఎక్కువ కావాలి గానీ తక్కువ కాకూడదు. నేను సంతకం పెట్టిన సమ్మతి పత్రంలో ఇన్‌ఫెక్షన్, రక్తం గడ్డకట్టడం, ఎముక అతుక్కోకపోవడం, కీళ్ళు బిగుసుకుపోవడం ఉన్నాయి. కాలి వరుస మారవచ్చన్న మాట ఎక్కడా లేదు. చికిత్సలోని ముఖ్యమైన ప్రమాదాలు, ప్రత్యామ్నాయాలు రోగికి చెప్పిన తరువాతే సమ్మతి చెల్లుతుందని 2008లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

కాబట్టి నా పూర్తి వైద్య రికార్డును, ఎక్స్‌రేలన్నింటినీ కాగితం మీద కాక కొలవడానికి వీలైన డిజిటల్ రూపంలో, ఆపరేషన్‌కు ముందు వేసుకున్న ప్రణాళికతో సహా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. భారత వైద్య మండలి 2002 నియమావళి ప్రకారం అడిగిన 72 గంటల్లోగా రికార్డులు ఇవ్వాలి. ప్రణాళిక అంటూ ఏదీ వేసి ఉండకపోతే ఆ మాటే రాసి ఇవ్వండి. మీతో సంబంధం లేని ఒక నిపుణుడి చేత, నేను ఎంచుకున్న చోట, నా కాళ్ళను పరీక్ష చేయించే ఖర్చును, కాలి వరుసను సరిచేసే ఆపరేషన్ అవసరమని ఆయన చెబితే దాని ఖర్చును, ఆ కాలంలో నేను కోల్పోయే జీతాన్ని మీ సంస్థ భరించాలి. మీ ప్రకటనల్లో ఇప్పటికీ కనిపిస్తున్న ‘సురక్షితం, శాశ్వతం’ అన్న మాటల పక్కన ఈ ప్రమాదాన్ని కూడా అదే పరిమాణం అక్షరాలతో వేయాలి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా లిఖితపూర్వక సమాధానం రాకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా కమిషన్‌ను ఆశ్రయిస్తాను. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని, అప్పటి 1986 చట్టం కింద, 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది, ఫిర్యాదుదారు తాను నివసించే చోటే దాఖలు చేయవచ్చు గనుక నేను హైదరాబాద్ దాకా రావలసిన అవసరం కూడా లేదు. ఈ విషయం మీద దయచేసి ఫోన్ చేయవద్దు. మీ కార్యాలయంతో ఫోన్‌లో మాట్లాడిన ప్రతిసారీ ఒక కొత్త మాట వినవలసి వచ్చింది.

జతపరిచినవి: రసీదులు, సమ్మతి పత్రం నకలు, జనవరి స్కానోగ్రామ్ నకలు, ఫిబ్రవరి మెయిల్, మీ సమాధానం.

ఇట్లు,
మీ ఆసుపత్రి పూర్వ రోగి,
హనుమకొండ.