ఇంట్లో కట్టిన యాంప్లిఫయర్‌కు స్పీకర్లు: పెట్టె మీద ఏం రాయాలి, కొనేవారు ఏం అడగాలి

సంపాదకులకు నమస్కారం.

గజపతి జిల్లా కేంద్రమైన మా పర్లాకిమిడిలోనూ, ఇటు కాశీనగరం, గుణుపురం వరకూ, అటు సరిహద్దు దాటితే పాతపట్నం, మెళియాపుట్టి వైపు పల్లెల్లోనూ యాంప్లిఫయర్‌ను సొంతంగా కట్టుకునే తెలుగు కుర్రవాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. వారిలో ఐటీఐలో చదివేవారు కొందరైతే, సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణాల్లో పని నేర్చుకుంటున్నవారు కొందరు, ఊరి గుడిలో భజనకు మైకు సెట్టు చూసుకునేవారు మరికొందరు. ఐసీ (యాంప్లిఫయర్ చిప్పు) బోర్డునూ, ట్రాన్స్‌ఫార్మర్‌నూ, వేడిని లాగేసే హీట్‌సింక్‌నూ వీరు చక్కగా అమర్చుకోగలరు. తీరా స్పీకర్లూ, లోతైన ధ్వని (బేస్) కోసం విడిగా పెట్టే సబ్‌వూఫరూ కొనే దగ్గరికి వచ్చేసరికి, కూడబెట్టుకున్న డబ్బంతా పెట్టె మీద అచ్చువేసిన ఒక పెద్ద అంకెను నమ్మి పోగొట్టుకుంటున్నారు. ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న నా దగ్గరికి ఆ తరువాత వచ్చి, సౌండు ఎందుకు రావడం లేదని అడుగుతారు. ఈ విషయాన్ని మీ పత్రిక ద్వారా కొనేవారి ముందూ అమ్మేవారి ముందూ ఉంచాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

పెట్టెల మీద కనిపించే ఆ అంకె పీఎంపీఓ (పీక్ మ్యూజిక్ పవర్ అవుట్‌పుట్) వాట్లలో ఉంటుంది. దానిని ఎలా కొలవాలో అందరూ ఒప్పుకున్న పద్ధతి ఏదీ లేదు కనుక, చేసేవారు తమకు తోచినంత వేసుకుంటున్నారు. నిజంగా ఎంత శక్తి వస్తుందో తెలుసుకోవడానికి కాగితం, కలం చాలు. మన కుర్రవాళ్లు ఎక్కువగా వాడే 12-0-12, 5 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్‌నే, అంటే మధ్య తీగకు అటూ ఇటూ పన్నెండేసి ఏసీ వోల్టులు ఇచ్చేదాన్నే, తీసుకుందాం. పన్నెండు ఏసీ వోల్టుల శిఖరం పదిహేడు కనుక, డయోడ్లూ కండెన్సర్లూ దాటాక అటు పదహారు, ఇటు పదహారు వోల్టులు మిగులుతాయి. ఐసీ తనకోసం రెండు మూడు వోల్టులు ఉంచుకుంటుంది కాబట్టి స్పీకరుకు అందే గరిష్ఠ వోల్టేజి పదమూడు చుట్టూ ఉంటుంది. ఈ పదమూడును వర్గం చేసి, స్పీకరు ఓములకు రెట్టింపుతో భాగిస్తే, 8 ఓముల స్పీకరుకు పది వాట్లూ, 4 ఓముల స్పీకరుకు ఇరవై వాట్లూ వస్తాయి. ఈ అమరికలో ఒక్కో స్పీకరుకు ఇంతకు మించి రావు. ట్రాన్స్‌ఫార్మర్ మొత్తం సామర్థ్యమే 24 వోల్టులను 5 ఆంపియర్లతో గుణిస్తే వచ్చే 120 వోల్ట్ ఆంపియర్లు అయినప్పుడు, దాని మీద నడిచే సెట్టుకు వెయ్యి వాట్ల స్పీకర్లు కావాలని చెప్పే దుకాణదారు మాటకు అర్థం లేదు. పది ఇరవై వాట్లు తక్కువేమీ కాదు. సరైన స్పీకరు దొరికితే పది అడుగుల గదిని నింపడానికి అవి ఎక్కువే.

కొనే ముందు మొదట అడగవలసింది ఓముల సంగతి. 4 ఓముల స్పీకరు ఎక్కువ కరెంటు తీసుకుంటుంది కాబట్టి సౌండు కొంత పెరుగుతుంది, ఐసీ మాత్రం ఎక్కువ వేడెక్కుతుంది. రెండు 8 ఓముల స్పీకర్లను పక్కపక్కనే, అంటే ప్యారలల్‌లో, కలిపితే 4 ఓములవుతాయి. రెండు 4 ఓములవాటిని అలాగే కలిపితే 2 ఓములకు పడిపోయి చిన్న బోర్డులు మాడిపోతాయి. నా దగ్గరికి వచ్చే చాలా బోర్డుల చావు ఇక్కడే ఉంది. స్పీకరు వెనక ఏమీ రాసి లేకపోతే మల్టీమీటరు పెట్టి చూడాలి: 8 ఓముల స్పీకరు మీటరు మీద ఆరు, ఆరున్నర చూపిస్తుంది, 4 ఓములది మూడు నుంచి మూడున్నర వరకూ చూపిస్తుంది. మీటరు చూపేది తీగ నిరోధాన్ని మాత్రమే కనుక ఆ అంకె ఎప్పుడూ కొంచెం తక్కువగానే ఉంటుంది. అది లోపం కాదు.

రెండోది, మన కుర్రవాళ్లలో ఎవరూ అడగనిది, సెన్సిటివిటీ. ఒక వాటు ఇచ్చి, ఒక మీటరు దూరంలో కొలిస్తే ఎన్ని డెసిబెల్లు వస్తాయో చెప్పే అంకె ఇది. ఒకే లీటరు పెట్రోలుకు ఒక బండి నలభై కిలోమీటర్లు వెళ్తే మరొకటి అరవై వెళ్తుంది కదా, స్పీకర్ల మధ్య తేడా అంతకన్నా ఎక్కువే. మూడు డెసిబెల్లు ఎక్కువున్న స్పీకరుకు సగం వాట్లు చాలు. పది డెసిబెల్లు ఎక్కువున్నదానికి పదో వంతు చాలు. అంటే 90 డెసిబెల్ల స్పీకరుకు పది వాట్ల బోర్డు పెట్టినా, 80 డెసిబెల్ల స్పీకరుకు వంద వాట్ల బోర్డు పెట్టినా వచ్చే సౌండు ఒకటే. బోర్డు పెద్దదైతే ట్రాన్స్‌ఫార్మరూ, హీట్‌సింకూ, కండెన్సర్లూ అన్నీ పెద్దవి కావాలి, ఖర్చు ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుచేత తక్కువ డబ్బున్నవారు సెన్సిటివిటీ ఎక్కువున్న స్పీకరు కొనుక్కుని చిన్న బోర్డుతో సరిపెట్టుకోవడమే లాభం. నన్నడిగితే, మూడు వేల రూపాయలు చేతిలో ఉన్న విద్యార్థి అందులో సగానికి పైగా స్పీకర్లకూ వాటి పెట్టెలకూ ఖర్చుపెట్టి, మిగిలినది బోర్డుకూ ట్రాన్స్‌ఫార్మర్‌కూ ఉంచుకోవాలి. ప్రస్తుతం జరుగుతున్నది దీనికి తలకిందులుగా ఉంది.

ఇక సబ్‌వూఫర్. ఈ పేరు మీద జరిగే వ్యాపారమే నన్ను ఎక్కువగా బాధపెడుతోంది. పెద్ద స్పీకరుకు నల్ల రబ్బరు తొడుగు వేసి, వెనక మాగ్నెట్‌కు ప్లాస్టిక్ టోపీ పెట్టి దానిని సబ్‌వూఫర్‌గా అమ్ముతున్నారు. లోతైన బేస్ రావాలంటే కోన్, అంటే స్పీకరు ముందు ఆడే గరాటు, చాలా గాలిని కదపాలి. 80 హెర్ట్జ్‌లో వచ్చే సౌండే 40 హెర్ట్జ్‌లోనూ రావాలంటే అదే కోన్ నాలుగు రెట్లు ఎక్కువ దూరం ముందుకూ వెనక్కూ ఆడాలి. నాలుగు అంగుళాల స్పీకరు ఎంత ఖరీదైనదైనా ఆ పని చేయలేదు. ఎనిమిది అంగుళాల కోన్ వైశాల్యం దానికి ఇంచుమించు నాలుగింతలు ఉంటుంది. ఇంట్లో వాడుకకు ఎనిమిది లేదా పది అంగుళాలది ఒక్కటి చాలు. 80 హెర్ట్జ్‌కు దిగువన ఉన్న ధ్వని ఎటు నుంచి వస్తోందో చెవి పోల్చుకోలేదు కాబట్టి రెండు కొనడం దండగ. ఆ ఒక్కదాన్ని గది మూలన పెడితే గోడలు బేస్‌ను పెంచుతాయి, ఇందుకు పైసా ఖర్చు లేదు. కార్లలో వాడే పన్నెండు అంగుళాల సబ్‌వూఫర్లను చూసి చాలామంది ముచ్చటపడతారు. వాటిలో ఎక్కువవాటికి సెన్సిటివిటీ తక్కువ, 4440 ఐసీ బోర్డుగాని 2030 ఐసీ బోర్డుగాని వాటిని కదిలించలేదు. సబ్‌వూఫర్‌కు విడిగా ఒక బోర్డు, దాని ముందు 4558 ఐసీతో చేసిన లో పాస్ ఫిల్టర్ (దిగువ ధ్వనులను మాత్రమే పోనిచ్చే సర్క్యూట్) ఉండి తీరాలి. ఆ ఫిల్టర్‌ను వంద హెర్ట్జ్ చుట్టూ కోసేలా పెట్టకుండా మామూలు స్పీకరు తీగకే సబ్‌వూఫర్‌ను తగిలిస్తే పాటలో గొంతు కూడా దానిలోంచే బొంగురుగా వస్తుంది.

స్పీకరు ఎంత తక్కువ హెర్ట్జ్ వరకూ దిగగలదో అమ్మేవారు చెప్పకపోయినా ఇంట్లో తెలుసుకోవచ్చు. యాంప్లిఫయర్‌కూ స్పీకరుకూ మధ్య వంద ఓముల రెసిస్టర్ ఒకటి పెట్టి, స్పీకరును పెట్టెలో బిగించకుండా చేత్తో ఎత్తి పట్టుకుని, స్పీకరు రెండు కొసల మీద మల్టీమీటరును ఏసీ వోల్టులలో ఉంచాలి. సెల్‌ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ తెరిచి, సౌండు తక్కువగా పెట్టి, 20 హెర్ట్జ్ నుంచి మెల్లగా పైకి వెళ్తుంటే మీటరు అంకె పెరుగుతూ వచ్చి ఒకచోట శిఖరానికి చేరి మళ్లీ తగ్గుతుంది. ఆ శిఖరమే స్పీకరు సహజ కంపన సంఖ్య, ఎఫ్‌ఎస్. అది 35, 40 దగ్గర ఉంటే సబ్‌వూఫర్‌గా పనికివస్తుంది. 80 దాటితే పైన ఏ పేరు అతికించినా దానితో లోతైన బేస్ రాదు. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో, ఆ తరువాత రిచర్డ్ స్మాల్ 1970ల తొలి సంవత్సరాల్లో, ఇలాంటి కొన్ని కొలతలతోనే పెట్టె పరిమాణాన్ని ముందుగా లెక్కగట్టే పద్ధతి చూపించారు. ప్రపంచమంతా నేటికీ ఆ కొలతలనే వాడుతోంది. మన దుకాణాల్లో దొరికే చౌక స్పీకర్లతో పాటు ఆ కొలతల చీటీ ఒక్కటీ రావడం లేదు.

పెట్టె గురించి రెండు మాటలు చెప్పాలి. స్పీకరు ముందు నుంచీ వెనక నుంచీ వచ్చే ధ్వనులు ఎదురెదురుగా ఉండి ఒకదాన్నొకటి చంపుకుంటాయి, అందుకే బల్ల మీద విడిగా పెట్టిన వూఫర్‌కు బేస్ ఉండదు. మొదటిసారి చేసేవారికి అన్ని వైపులా మూసిన పెట్టె సురక్షితం. లోపలి కొలత అటూ ఇటూ ఎత్తూ పన్నెండేసి అంగుళాలు ఉంటే ఒక ఘనపు అడుగు, అంటే 28 లీటర్లు అవుతుంది, చాలా ఎనిమిది అంగుళాల వూఫర్లకు అది సరిపోతుంది. గొట్టం పెట్టిన పెట్టె ఇంకా కిందికి దిగుతుందన్నది నిజమే, అయితే గొట్టం ఏ హెర్ట్జ్‌కు కుదిరిందో దానికి దిగువన కోన్ పట్టు తప్పి ఆడుతుంది, గొట్టం కొలత తప్పితే కాయిల్ (కోన్ వెనక ఉండే తీగచుట్ట) దెబ్బతినవచ్చు. చెక్క 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అయితే మంచిది. మా వైపు వానాకాలం తేమకు ఎండీఎఫ్ (చెక్క నారను నొక్కి చేసిన పలక) అంచులు ఉబ్బిపోవడం మామూలే. కీళ్లన్నిటికీ జిగురు గట్టిగా పట్టించి, లోపల కొంత దూది వదులుగా పరిస్తే గుంయ్‌మనే శబ్దం తగ్గుతుంది.

పాత సామాను కొనేవారికి నేను ఎప్పుడూ అడ్డు చెప్పను. 1970లో కలకత్తాలో మొదలైన సోనోడైన్ లాంటి మన దేశపు కంపెనీల పాత పెట్టెలు దొరికితే కొత్త నాసిరకం స్పీకరు కన్నా అవే మేలు. కొనే ముందు కోన్‌ను రెండు వేళ్లతో రెండు వైపులా సమానంగా, మెత్తగా నొక్కి వదలాలి. లోపల గరగరమని రాపిడి వినిపిస్తే కాయిల్ వంకరపోయినట్టే. చుట్టూ ఉన్న అంచు స్పాంజిదైతే గోటితో తాకి చూడాలి, తేమకు అది పొడిపొడిగా రాలుతుంది, రబ్బరుదీ గుడ్డదీ ఎక్కువ కాలం మన్నుతాయి. ఒకటిన్నర వోల్టు పెన్సిల్ సెల్ తాకిస్తే కోన్ ముందుకు దూకాలి. సెల్ ప్లస్ కొసకు స్పీకరు ఏ కొస తగిలితే ముందుకు దూకిందో ఆ కొసే స్పీకరు ప్లస్. రెండు స్పీకర్లకూ ఇది కలవకపోతే బేస్ చాలావరకు పోతుంది. ట్వీటర్ (సన్నని ధ్వనుల చిన్న స్పీకరు) పెట్టుకునేవారు దాని తీగలో 4.7 మైక్రోఫారడ్ల నాన్ పోలార్ (ప్లస్, మైనస్ తేడా లేని) కండెన్సర్ మరవకూడదు.

ఇన్ని పరీక్షలూ కొనేవాడే చేసుకోవలసి రావడం న్యాయం కాదని నా అభిప్రాయం. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం సరుకు నాణ్యత గురించీ సామర్థ్యం గురించీ తెలుసుకునే హక్కు కొనేవారికి ఉంది. అదే చట్టం లేబులునూ పైచుట్టునూ కూడా ప్రకటనగానే లెక్కిస్తుంది. అలాంటప్పుడు పది వాట్ల సరుకు మీద వేల వాట్ల అంకె వేయడం తప్పుదారి పట్టించే ప్రకటన కాదా అని ప్రభుత్వం పరిశీలించాలి. స్పీకరు వెనకనే ఓములు, ఆర్‌ఎంఎస్ వాట్లు (ఆగకుండా తట్టుకోగల నిజమైన వాట్లు), సెన్సిటివిటీ, ఎఫ్‌ఎస్ అనే నాలుగు అంకెలు అచ్చువేయడం తప్పనిసరి చేయాలి. కొలిచి చేసేవారి దగ్గర ఈ అంకెలు ముందే ఉంటాయి, వాటిని ముద్రించడానికి అదనపు ఖర్చు లేదు. మోసపోయామనుకున్నవారు బిల్లు దాచుకుని జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫోన్ చేయవచ్చు. అందుకే ఎంత చిన్న కొనుగోలైనా బిల్లు అడిగి తీసుకోమని కుర్రవాళ్లకు చెబుతున్నాను.

మీ పత్రికకు నాదొక విన్నపం. మా పిల్లలు బడిలో ఒడియా చదువుతారు, సరుకుతో వచ్చే చీటీ ఉంటే అది ఇంగ్లీషులో ఉంటుంది, ఇంట్లో చదివేది మీ తెలుగు పత్రిక. మీ విద్యా పేజీలో నెలకు ఒకసారి ఇటువంటి చేతిపనుల లెక్కలను, బొమ్మలతో సహా, తెలుగులో వేయండి. మొదటి వ్యాసంగా ట్రాన్స్‌ఫార్మర్ వోల్టుల నుంచి వాట్లు కట్టే లెక్కనే తీసుకోవచ్చు. రాసి పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను. పర్లాకిమిడి, పాతపట్నం, బరంపురం దుకాణదారులకు కూడా ఒక మాట: బల్ల మీద ఒక మల్టీమీటరూ ఒక పెన్సిల్ సెల్లూ ఉంచి, కొనేవారిని కొలిచి చూసుకోనివ్వండి.

ఇట్లు,
ఎలక్ట్రానిక్స్ విశ్రాంత అధ్యాపకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.