ఇకపై మా షాపులో ప్రతి ట్రాక్టర్‌కీ రెండు హెచ్‌పీలు రాస్తాం

పాకాల చుట్టుపక్కల రైతన్నలకు నమస్కారం. ఈ వారం నుంచి మా దగ్గరున్న ప్రతి మినీ ట్రాక్టర్ అట్ట మీద ఇంజన్ హెచ్‌పీతో పాటు పీటీఓ (ట్రాక్టర్ వెనక పనిముట్లను తిప్పే ఇరుసు) హెచ్‌పీ కూడా రాస్తున్నాం. ఇన్నాళ్లూ కంపెనీ కాగితంలో పెద్దగా వేసిన మొదటి అంకె ఒక్కటే చెప్పి అమ్మాం. ఆ తప్పు మాది.

దామలచెరువు వైపు మామిడి తోట ఉన్న ఒక పెద్దాయన మా దగ్గర 27 హెచ్‌పీ బండి తీసుకున్నారు. నాలుగున్నర అడుగుల రొటావేటర్ (తిరిగే కత్తులతో మట్టి గడ్డలు పగలగొట్టే పనిముట్టు) లాగుతుందా అని అడిగితే, 27 ఉంది కదా, లాగుతుంది అన్నాను. వారానికి తోటకు రమ్మని కబురొచ్చింది. వాన పడి ఎండిన ఎర్రనేల. నాలుగు చెట్లు దాటేలోపే ఇంజన్ శబ్దం కుంగిపోయి నల్లటి పొగ వచ్చింది. గడ్డలు గడ్డల్లాగే మిగిలాయి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. వంగి ఒక గడ్డ తీసి నా చేతిలో పెట్టి, "ఇది చూడు నాయనా" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

27 అనేది ఇంజన్ ఇచ్చే బలం. గేర్లు, హైడ్రాలిక్ పంపు తినేది పోగా రొటావేటర్ తిప్పే పీటీఓ దగ్గరికి మామూలుగా అందులో 80 నుంచి 90 శాతమే చేరుతుంది. అంటే 22 నుంచి 24 మధ్య. నాగలి లాగేటప్పుడు చక్రం జారితే ఇంకా తగ్గుతుంది. కొన్ని కాగితాల్లో కిలోవాట్లు ఉంటాయి. 20 కిలోవాట్లంటే ఒక లెక్కలో 27.2, ఇంకో లెక్కలో 26.8 హెచ్‌పీ. ఆ అర హెచ్‌పీ తేడా చూసి రెండు బండ్లను పోల్చకండి.

నమ్మదగిన అంకె కావాలంటే మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ట్రాక్టర్లను పరీక్షించే ప్రభుత్వ కేంద్రం ఇచ్చే టెస్ట్ రిపోర్టు చూడాలి. అక్కడ పీటీఓ దగ్గరే బలం కొలుస్తారు. 43 డిగ్రీల వేడిలో కూడా నడిపి చూస్తారు, మన మే నెలకు అదే అసలు పరీక్ష. అందులో పీటీఓ నిమిషానికి 540 తిరుగుళ్లు తిరిగేటప్పుడు ఎంత హెచ్‌పీ వచ్చిందో చూడండి, ఎందుకంటే రొటావేటర్‌ను మామూలుగా నడిపేది ఆ వేగంలోనే. ఇక నుంచి రిపోర్టు ఉన్న ప్రతి బండికీ దాని కాపీ మీ చేతికిచ్చాకే బేరం మాట్లాడతాం.

పెద్దాయన రొటావేటర్ వెనక్కి తీసుకుని మూడున్నర అడుగులది ఇచ్చాం, తేడా డబ్బు తిరిగిచ్చేశాం. మా మాట నమ్మి పెద్ద సైజు కొన్నవాళ్లు ఇంకా ఉంటే, తొలకరి దుక్కులకు ముందే బండితో సహా షాపుకు రండి. నేనే ఎక్కి నడిపి చూస్తాను.