బస్టాండులో నా నాడి చూసిన అక్కకు కృతజ్ఞతలు

విజయవాడ నెహ్రూ బస్టాండులో గుంటూరు బస్సు కోసం కూర్చున్నప్పుడు నా పక్కనున్న అక్కా, కంగారులో మీ పేరైనా అడగలేకపోయాను. గుండె మధ్యమధ్యలో ఒక దెబ్బ తప్పి, మళ్లీ ధడేల్‌మని కొట్టుకుంటుంటే నాకు ముచ్చెమటలు పోశాయి. మీరు నా మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి, వాచీ చూస్తూ నిమిషం పాటు లెక్కపెట్టారు.

"ఇలా అప్పుడప్పుడూ చాలామందికి అవుతుందమ్మా. నిద్ర తగ్గినా, కాఫీ ఎక్కువైనా వస్తుంది. తరచూ వస్తోందంటే మాత్రం ఈసీజీ తీయించుకో. ఛాతీలో నొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం లాంటివి ఉంటే ఇక ఆలోచించకు, వెంటనే 108కి ఫోన్ చెయ్యి" అన్నారు.

ఈసీజీలో ఏమీ దొరకలేదు. 24 గంటల హోల్టర్ (ఒంటికి తగిలించుకుంటే రోజంతా గుండె కొట్టుకోవడాన్ని రికార్డు చేసే చిన్న యంత్రం) పెడితే బయటపడింది, అదనపు బీట్లట. గుండె బాగానే ఉందన్నారు డాక్టరు. ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలో తెలిశాక నా టెన్షన్ సగం తగ్గింది. మీ బస్సు వదులుకుని మరీ నాకు తోడున్నారు. మీకు వేయి దండాలక్కా.